420 అడుగుల కంకర డ్రైవ్‌వే, లేక్ ఎఫెక్ట్ మంచు: ఏ సైజు ట్రాక్టర్, ఏ బ్లోయర్?

కంకరదారి:

అందరికీ నమస్కారం. న్యూయార్క్ రాష్ట్రంలో సైరక్యూస్‌కి ఉత్తరాన, ఆస్వీగో కౌంటీలో 5 ఎకరాల స్థలం, ఇల్లు. ఇక్కడ పడేది లేక్ ఎఫెక్ట్ మంచు, అంటే సరస్సు మీదుగా వచ్చే చలిగాలి కురిపించే భారీ మంచు. రోడ్డు నుంచి గరాజ్ దాకా డ్రైవ్‌వే 420 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, మొత్తం కంకరే. రోడ్డుకి దగ్గర్లో ఒక 80 అడుగులు బాగా వాలు. గరాజ్ తలుపు ఎత్తు 7 అడుగులు.

రెండు సైజుల మధ్య ఊగుతున్నాను. ఒకటి జాన్ డీర్ 1025ఆర్, కుబోటా బీఎక్స్ లాంటి సబ్‌కాంపాక్ట్, అంటే అన్నిటికన్నా చిన్న ట్రాక్టర్. రెండోది కుబోటా ఎల్2501 సైజు కాంపాక్ట్, దానికన్నా ఒక సైజు పెద్దది. రెండూ 25 హార్స్‌పవర్ లోపే కదా, ధరలో తేడా దేనికి? బ్లోయర్ (మంచుని దూరంగా విసిరే యంత్రం) ముందు పెట్టించుకోవాలా, వెనకా? లేక లోడర్ బకెట్, వెనక బ్లేడు ఉంటే సరిపోతుందా? టైర్లలో నీళ్ల లాంటి ద్రవం నింపిస్తే చెయిన్లు అక్కర్లేదని డీలర్ అంటున్నారు, నిజమేనా?

వేసవిలో కంకర సర్దడం, ఎకరంన్నర గడ్డి కోత, కూరగాయల మడి దున్నడం కూడా ఇదే బండితో చేయాలి. తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

---

లేక్_ఎఫెక్ట్:

హార్స్‌పవర్ పక్కన పెట్టి ముందు బరువు చూడండి. 1025ఆర్ లోడర్ లేకుండా సుమారు 1,450 పౌండ్లు. ఎల్2501 దాదాపు 2,600. ఇంజిన్ అంకె ఒకటే అయినా నేలని పట్టుకునేది ఈ బరువే. మీరు చెప్పిన వాలు మీద తేడా మొదటి రోజే తెలుస్తుంది. కింద తడి మంచు, పైన పొడి మంచు ఉన్నప్పుడు తేలిక బండి చక్రాలు తిరుగుతాయి, బండి మాత్రం అక్కడే ఉంటుంది.

25 హార్స్‌పవర్ దాటితే ఏమవుతుందో కూడా చెప్తాను. అమెరికా ఉద్గార నిబంధనల వల్ల అంతకు పైన ఇంజిన్లకి మామూలుగా డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ (పొగలోని మసిని పట్టేది) ఉంటుంది. అది తనను తాను శుభ్రం చేసుకోవాలంటే ఇంజిన్ ఎక్కువ ఆర్‌పీఎమ్ మీద కాసేపు నడవాలి. బ్లోయర్ నడిపేటప్పుడు అది దానంతట అదే జరిగిపోతుంది. చలిలో పది నిమిషాలు బకెట్ పని చేసి ఆపేసేవాళ్లకే ఇబ్బంది. మీ పనికి 25 లోపు చాలు.

ఇక బ్లోయర్. మీ దగ్గర బకెట్, బ్లేడు మాత్రమే పెట్టుకుని శీతాకాలం గడవదు. సైరక్యూస్‌లోనే సగటున ఏటా పదడుగుల మంచు. ఒంటారియో సరస్సుకి తూర్పున టగ్ హిల్ వైపు వెళ్లేకొద్దీ ఇంకా ఎక్కువ. 2007 ఫిబ్రవరిలో రెడ్‌ఫీల్డ్‌లో పది రోజుల్లో 141 అంగుళాలు కొలిచారు, అది మీ కౌంటీయే. బ్లేడు మంచుని పక్కకి నెడుతుందే కానీ మాయం చేయదు. డిసెంబర్ చివరికి రెండు పక్కలా గోడలు లేచి, 12 అడుగుల దారి 8 అడుగులకి కుంచించుకుపోతుంది. గట్టిపడిన గోడని జనవరిలో వెనక్కి నెట్టడం ఈ సైజు బండి వల్ల కాదు. బ్లోయర్ అయితే మంచుని 20, 30 అడుగుల అవతలికి విసిరేస్తుంది, గోడే లేవదు.

వెడల్పుకి ఒక మోటు లెక్క ఉంది: పీటీఓ (ఇంజిన్ శక్తిని పనిముట్టుకి అందించే షాఫ్ట్) దగ్గర అందే ఒక్కో హార్స్‌పవర్‌కి 3 అంగుళాలు. హైడ్రోస్టాటిక్ (గేర్లు మార్చకుండా పెడల్‌తోనే నడిపే) ఎల్2501లో పీటీఓకి అందేది 19 చుట్టూ. కాబట్టి 60 అంగుళాల రెండు దశల బ్లోయర్ (ముందు ఆగర్ అనే మర మంచుని కొరికి లోపలికి లాగుతుంది, తర్వాత ఫ్యాన్ విసురుతుంది) దాని హద్దు. సబ్‌కాంపాక్ట్‌లో 17, 18 మాత్రమే అందుతుంది, 50 నుంచి 54 అంగుళాల దగ్గర ఆగాలి. ఇంకో షరతు. వెనక చక్రాలకి చెయిన్లు వేశాక బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలవండి. బ్లోయర్ దానికన్నా కనీసం 2 అంగుళాలు వెడల్పుండాలి. లేకపోతే చక్రం తియ్యని మంచు మీద ఎక్కి బండి ఒరుగుతుంది.

గరాజ్ తలుపు సంగతి. ఈ సైజులో వెనక రోప్స్ చట్రం (బండి బోల్తా పడితే నడిపేవాళ్లని కాపాడేది) నిలబెట్టి ఉంటే 7 అడుగుల తలుపులోంచి చాలా బండ్లు దూరవు. ఒప్పందం రాసే ముందు టేపు పెట్టి కొలవండి. మడిచే రోప్స్ అయితే లోపలికి పెట్టేటప్పుడు మడవండి, బయటకి రాగానే నిలబెట్టి పిన్ను వేసి, అప్పుడు బెల్టు పెట్టుకోండి. మడిచి ఉన్నప్పుడు బెల్టు పెట్టుకోకూడదు, బండి బోల్తా పడితే సీటుకి కట్టేసినట్టే.

---

డీజిల్_గేరు:

లేక్_ఎఫెక్ట్ గారు చెప్పిన బరువు లెక్కతో ఏకీభవిస్తాను. ముందా వెనకా అన్నదాన్ని మాత్రం తేలిగ్గా వదలకూడదు.

ముందు బ్లోయర్ హాయి. కళ్ల ముందే పని, మెడ తిప్పక్కర్లేదు. కానీ దానికి మధ్య పీటీఓ (బండి పొట్ట కింద ఉండేది) కావాలి, లోడర్ విప్పి పక్కన పెట్టాలి, కింద నుంచి షాఫ్ట్, ముందు సబ్‌ఫ్రేమ్ అన్నీ కలిపి వెనక బ్లోయర్‌కి రెండు మూడింతల ఖర్చు. సబ్‌కాంపాక్ట్‌లలో మధ్య పీటీఓ దొరుకుతుంది. ఎల్2501 లాంటి ప్రాథమిక మోడళ్లకి మామూలుగా ఉండదు. కాబట్టి ఆ బండి కొంటే ముందు బ్లోయర్ కష్టమే, కొనే ముందే తేల్చుకోండి.

వెనక బ్లోయర్‌తో లోడర్ అలాగే ఉంటుంది. మీ ఇంటికి అది పెద్ద లాభం, ఎందుకో కింద చెప్తాను. నష్టం మెడకి. 420 అడుగులు వెనక్కి నడపాలి. 12 అడుగుల దారికి 5 అడుగుల బ్లోయర్‌తో మూడు వరసలు, అంటే వెనక్కి చూస్తూ 1,260 అడుగులు. నడుము, మెడ నొప్పులున్నవాళ్లు సబ్‌కాంపాక్ట్, ముందు బ్లోయర్ వైపే వెళ్లాలి, అందులో సందేహం లేదు. ముందుకి నడుపుతూ లాక్కెళ్లే తిరగేసిన బ్లోయర్లు కూడా ఉన్నాయి కానీ, చక్రాలు ముందు మంచుని తొక్కేస్తాయి. అడుగున్నర దాటితే బండి పొట్ట మంచుకి ఆనుతుంది. మీ ప్రాంతానికి అవి వద్దు.

వెనక బ్లోయర్ తీసుకుంటే మొదటి రోజు చేయాల్సిన పని పీటీఓ షాఫ్ట్ కొలత. కొత్తది చాలాసార్లు పొడవెక్కువ ఉంటుంది. రెండు సగాలూ విడదీసి, ఒకటి ట్రాక్టర్‌కి, ఒకటి బ్లోయర్‌కి తగిలించి, పక్కపక్కన పట్టుకుని, త్రీ పాయింట్ (వెనక పనిముట్టుని తగిలించి ఎత్తే చేతులు) పైకి కిందకి పూర్తిగా ఆడించండి. రెండు చివరలూ అతి దగ్గరగా వచ్చే చోట గొట్టం అవతలి చివర తగలకుండా కనీసం ఒక అంగుళం ఖాళీ మిగలాలి. అతి దూరంగా ఉన్న చోట ఒక గొట్టం ఇంకోదానిలో కనీసం మూడో వంతు ఉండాలి. ఎక్కువైతే లోపలి గొట్టం, బయటి గొట్టం, రెండు ప్లాస్టిక్ కవర్లు, నాలుగింటి నుంచీ ఒకే కొలత ముక్క కోసేసి, గరుకు ఆకురాయితో నున్నచేసి, గ్రీజు పెట్టండి. ఈ పని మానేస్తే బ్లోయర్ ఎత్తిన ప్రతిసారీ షాఫ్ట్ ట్రాక్టర్ పీటీఓ బేరింగుని గుద్దుతుంది. సీలు పోయి నూనె కారడం మొదలయ్యాకే తెలుస్తుంది.

ఇక షియర్ బోల్టులు, అంటే ఏదైనా అడ్డుపడితే ముందు తామే తెగి గేరుబాక్స్‌ని కాపాడేవి. చాలా బ్లోయర్లలో ఆగర్‌కి అటూ ఇటూ ఒక్కొక్కటి ఉంటాయి. మంచు చూట్‌ (మంచు బయటికి పోయే గొట్టం) లోంచి సగమే వస్తుంటే, ఒక పక్క ఆగర్ తిరగక మంచుని నెడుతుంటే, ఆ పక్క బోల్టు తెగిందన్నమాట. మాన్యువల్‌లో రాసిన సైజు, గ్రేడువి ఒక డజను, రెండు స్పానర్లు బండి మీదే ఒక డబ్బాలో పెట్టుకోండి. ఊరికే తెగుతున్నాయని గట్టి గ్రేడు బోల్టు వేశారంటే తర్వాత తెగేది గేరుబాక్స్.

ఇంకో మాట, ఇది చాలామంది చూడనిది. సరైన బోల్టు ఉన్నా, ఆగర్ గొట్టం లోపలి షాఫ్టుకి తుప్పుతో అతుక్కుపోతే బోల్టు తెగినా ఆగర్ జారదు, దెబ్బ నేరుగా గేరుబాక్స్‌కే. అందుకే ఏటా అక్టోబర్‌లో ఇంజిన్ ఆపి, తాళం జేబులో పెట్టుకుని, రెండు బోల్టులూ తీసి, ఆగర్‌ని చేత్తో తిప్పండి. షాఫ్ట్ మీద అది విడిగా తిరగాలి. తిరక్కపోతే నిపుల్‌లోంచి గ్రీజు కొట్టండి, ఆ చివర కొత్త గ్రీజు బయటికి కనిపించేదాకా.

చూట్ మూసుకుపోయినప్పుడు: పీటీఓ ఆపు, ఇంజిన్ ఆపు, అన్నీ ఆగేదాకా ఆగు, అప్పుడు కర్రతో గెలుకు. ఆగినట్టు కనిపించినా లోపల బిగుసుకున్న శక్తి ఉంటుంది. అడ్డు పోగానే ఫ్యాన్ ఒక్క విసురు తిరుగుతుంది. చెయ్యి మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

---

కంకరదారి:

చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. ఎల్2501 సైజు, వెనక 60 అంగుళాల బ్లోయర్ అనుకుంటున్నాను. చెయిన్ల సంగతి ఎవరూ తేల్చలేదు. ఆర్4 రకం టైర్లు వస్తాయట. ఇంకోటి, కంకర మీద బ్లోయర్ నడిపితే రాళ్లు ఎగరవా? పక్కనే ప్రొపేన్ ట్యాంకు, కిటికీలు ఉన్నాయి.

---

చెయిన్_లింకు:

డీలర్ చెప్పింది సగమే నిజం. టైర్లలో ద్రవం వేస్తే బరువు పెరుగుతుంది, అది మంచిదే. బీట్‌రూట్ రసం లాంటి ద్రవం గాలన్‌కి సుమారు 11 పౌండ్లు, మీ చలికి గడ్డకట్టదు, రిమ్ముని తినదు. కాల్షియం క్లోరైడ్ కూడా అంతే బరువు కానీ ట్యూబు లేకుండా వేస్తే రిమ్ము తుప్పు పడుతుంది. అయితే బరువు మంచులో పనిచేస్తుంది, గాజులాంటి ఐసు మీద చేయదు. ఆర్4 టైరు బ్లాకులు వెడల్పు, రబ్బరు గట్టి, ఐసు మీద జారుతుంది. మీ వాలుకి చెయిన్లు తప్పనిసరి. ఊళ్లో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కి ఇనప కేజ్ వీల్స్ ఎందుకు వేస్తారో తెలిసినవాళ్లకి ఈ మాట కొత్త కాదు. అక్కడ బురద, ఇక్కడ ఐసు, టైరుకి పట్టు చాలక ఇనుముని పిలవడమే రెండు చోట్లా.

వెనక చక్రాలకి మాత్రమే వేయండి. నిచ్చెన మెట్లలా ఉండే చెయిన్లలో నాలుగు లింకులకొక అడ్డం ఉన్నవి చవక, కానీ ఆర్4 బ్లాకుల మధ్య సందులో పడిపోయి పనికిరావు. రెండు లింకులకొక అడ్డం ఉన్నవి లేదా వల అల్లికవి తీసుకోండి. కొనే ముందు టైరు పక్క నుంచి ఫెండర్, రోప్స్ దాకా ఖాళీ చూడండి. రెండు అంగుళాలకి తక్కువైతే చక్రాల స్పేసర్లు కావాలి. వేశాక వంద అడుగులు నడిపి మళ్లీ బిగించండి. వదులుగా ఉన్న చెయిన్ తిరిగి తిరిగి హైడ్రాలిక్ పైపుని కోసేస్తుంది. గరాజ్ సిమెంటు మీద ప్లైవుడ్ పలక పరచండి, లేకపోతే గీతలు పడతాయి.

వాలు దిగేటప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్ వేసే ఉంచండి. ఈ ట్రాక్టర్లకి బ్రేకులు వెనక చక్రాలకే. వెనక బ్లోయర్ పైకెత్తి కిందికి దిగుతూ టూ వీల్‌లో బ్రేకు తొక్కితే, వెనక చక్రాలు జారిన క్షణం బండి మీ చేతిలో ఉండదు. ఫోర్ వీల్‌లో ఉంటే ముందు చక్రాలు కూడా పట్టి ఆపుతాయి. ఆరిన తారు రోడ్డు మీద మాత్రం తీసేయాలి, లేకపోతే గేర్ల మీద ఒత్తిడి పేరుకుంటుంది.

రాళ్ల మాట. కంకర నిజంగా ఎగురుతుంది, కిటికీ అద్దం పగలగొట్టేంత. దానికి మందు రెండు. ఒకటి, బ్లోయర్ కింద స్కిడ్ షూలు (నేల మీద జారే ఇనప పాదాలు) నేల నుంచి అంచుకి ఒక అంగుళం నుంచి ఒకటిన్నర దాకా ఖాళీ వచ్చేలా బిగించడం. సమతలమైన చోట బ్లోయర్ కింద అంగుళం మందం చెక్క ముక్కలు పెట్టి, షూలు నేలకి ఆనించి బోల్టులు బిగిస్తే రెండు పక్కలా సమానంగా వస్తుంది. రెండోది, మొదటి రెండు మంచుల్నీ తియ్యకండి. రెండు అంగుళాలే పడితే చక్రాలతో తొక్కి అణచండి. అది గడ్డకట్టి కంకర మీద తెల్లటి పలకలా తయారవుతుంది. ఆ తర్వాత బ్లోయర్ ఆ పలక మీద నడుస్తుంది, రాయి తగలదు. ఇబ్బందల్లా నవంబర్‌లో నేల ఇంకా మెత్తగా ఉండగానే అడుగున్నర మంచు ఒకేసారి వచ్చినప్పుడు. అప్పుడు బ్లోయర్ రెండు అంగుళాలు పైకెత్తి పట్టుకుని నడపండి, కింద మిగిలింది తొక్కేయండి. చూట్ ఎప్పుడూ ట్యాంకు, కిటికీల అవతలి పక్కకి, గాలి వాలుకి.

బకెట్‌తో కంకర మీద మంచు తీయాల్సి వస్తే, 3 అంగుళాల దళసరి పీవీసీ గొట్టం బకెట్ వెడల్పుకి కోసి, పొడుగునా ఒక చీలిక చేసి, బకెట్ అంచుకి తొడగండి. గుండ్రటి అంచు కంకర మీద జారిపోతుంది, తవ్వదు.

---

డీజిల్_గేరు:

లోడర్ ఎందుకు ముఖ్యమో చెప్తానన్నాను. టౌన్ వాళ్ల ప్లవ్ (రోడ్డు మీద మంచుని తోసే బండి) వెళ్లాక మీ డ్రైవ్‌వే మొదట్లో ఒక కట్ట వేసిపోతుంది. ఉప్పు, బురద, ఐసు గడ్డలు కలిసిన కట్ట. మూడు గంటలు వదిలేస్తే సిమెంటు. దాని మీదకి బ్లోయర్‌ని తోలితే బోల్టులు వరసగా తెగుతాయి. ముందు బకెట్‌తో విరిచి పక్కకి తీసి, మిగిలిన పొడి మంచుకి బ్లోయర్ వాడండి.

కట్ట చిన్నదవ్వాలంటే ఒక ఉపాయం. డ్రైవ్‌వేలో రోడ్డు వైపు తిరిగి నిలబడితే ప్లవ్ మీ ఎడమ నుంచి వస్తుంది. ఆ ఎడమ పక్క రోడ్డంచున 15, 20 అడుగుల పొడవు, ఆరేడడుగుల లోతు జేబులా ఖాళీ చేసి పెట్టండి. ప్లవ్ బ్లేడు మోసుకొచ్చిన మంచు అందులో దిగిపోతుంది, మీ దారి ముందుకి తక్కువ చేరుతుంది. రోడ్డు మీదకి గానీ, అవతలి పక్కకి గానీ మంచు నెట్టకండి, న్యూయార్క్‌లో అది చట్టవిరుద్ధం.

డీజిల్ గురించి. నంబర్ 2 డీజిల్‌లో మైనం సుమారు సున్నాకి 10 సెల్సియస్ డిగ్రీల కింద తేలడం మొదలవుతుంది. ట్యాంకు గడ్డకట్టదు, ఫిల్టర్ ముందు మూసుకుంటుంది. బండి స్టార్టయి, పది నిమిషాలు నడిచి, లోడు పడగానే దమ్ము తగ్గి ఆగిపోతుంది. అసలు కారణం ఎప్పుడూ ఒకటే, సెప్టెంబర్‌లో కొట్టించిన వేసవి డీజిల్ ట్యాంకులో మిగలడం. అక్టోబర్ చివరికి దాన్ని వాడేసి, శీతాకాలపు డీజిల్ నింపి, పైన యాంటీ జెల్ (మైనం కట్టకుండా ఆపే మందు) కలపండి. మైనం కట్టకముందు కలిపితేనే అది పనిచేస్తుంది. స్పేర్ ఫిల్టర్ ఒకటి ఇంట్లో ఉంచండి.

బ్లాక్ హీటర్ (ఇంజిన్‌ని వెచ్చబెట్టే కరెంటు హీటర్) పెట్టించుకోండి, పనికి రెండు మూడు గంటల ముందు టైమర్‌తో వేస్తే చాలు. రాత్రంతా అక్కర్లేదు. స్టార్టయ్యాక 1,200 నుంచి 1,500 ఆర్‌పీఎమ్‌లో పది పదిహేను నిమిషాలు నడవనివ్వండి, హైడ్రాలిక్ నూనె పలచబడేదాకా. గరాజ్ లోపల కాదు, బయటకి తెచ్చి. నూనె చిక్కగా ఉండగా పెడల్ నొక్కితే వచ్చే ఆ ఊళ శబ్దం పంపుకి నూనె అందట్లేదని.

పని మొదలుపెట్టేటప్పుడు పీటీఓని తక్కువ ఆర్‌పీఎమ్‌లో కలిపి, తర్వాత 540 గుర్తు (పీటీఓ నిమిషానికి 540 సార్లు తిరిగే వేగం) దాకా ఎత్తండి. ఇంక త్రాటిల్ ముట్టుకోవద్దు. మంచు ఎక్కువైతే పెడల్ దగ్గర వేగం తగ్గించాలి, ఇంజిన్ కాదు. తడి మంచు చూట్‌లో అతుక్కునేది ఎక్కువసార్లు ఆర్‌పీఎమ్ తగ్గించినందుకే. సగం వెడల్పే కొరికితే ఇంకా సులువు. చూట్ లోపల ముందే సిలికాన్ స్ప్రే కొట్టండి.

---

బాక్స్‌బ్లేడు:

వేసవి పనుల గురించి రెండు మాటలు.

కంకరకి 60 అంగుళాల బాక్స్ బ్లేడు, ట్రాక్టర్ వెనక తగిలించే పెట్టె లాంటి బ్లేడు. గుంటల్లో కొత్త కంకర పోసి చదును చేస్తే రెండు వానలకి అదే గుంట మళ్లీ వస్తుంది, ఎందుకంటే అడుగున గట్టి పళ్లెం అలాగే ఉంది. బాక్స్ బ్లేడు పళ్లు గుంట అడుగు దాకా దించి చీల్చాలి. టాప్ లింక్ (త్రీ పాయింట్‌లో పై కడ్డీ) పొట్టి చేస్తే బ్లేడు ముందుకి వాలి తవ్వుతుంది, పొడుగు చేస్తే వెనక అంచు నేలని రాస్తూ నున్న చేస్తుంది. ముందు పొట్టి, ఆఖరి రెండు విడతలు పొడుగు. మధ్యలో ఎత్తు ఉంచండి. అడుగుకి అర అంగుళం చొప్పున, మీ 12 అడుగుల దారికి అంచుల కన్నా నడుమ 3 అంగుళాలు ఎక్కువ. నీరు నిలవకపోతే గుంట పడదు. పోయించేది పొడితో కలిసిన క్రషర్ రన్ అయి ఉండాలి. గుండ్రటి గులకరాయి ఎంత తొక్కినా కుదురుకోదు, శీతాకాలంలో బ్లోయర్‌లోకి వచ్చేది అదే.

లోడర్‌తో బరువులెత్తేటప్పుడు వెనక ఏదో ఒకటి తగిలించి ఉండాలి, బాక్స్ బ్లేడో, బ్లోయరో, సిమెంటు పోసిన బరువు పెట్టో. వెనక ఖాళీగా బకెట్ నిండా కంకర ఎత్తి వాలు మీద తిరిగితే వెనక చక్రం లేస్తుంది. బకెట్ మోకాలి ఎత్తుకి మించి ఎత్తి నడపొద్దు.

మడికి 4 అడుగుల టిల్లర్, మనం రోటవేటర్ అంటాం కదా, అదే. మీ వైపు మే నెల మధ్య దాకా తెల్లవారుజామున ఫ్రాస్ట్, అంటే మంచు గడ్డకట్టే చలి, భయం ఉంటుంది, గోంగూర, బెండ విత్తనం అంతకుముందు వేస్తే చలికి చస్తాయి. మట్టి పిడికిట్లో నొక్కితే ముద్దై, వేలితో తాకగానే విడిపోవాలి. ముద్ద విడిపోకపోతే దున్నకండి, గడ్డలు ఆగస్టు దాకా కరగవు. ఏప్రిల్లో ద్రవం నింపిన టైర్లతో గడ్డి మీద తిరక్కండి, చక్రాల గాడులు పడతాయి.

ఆఖరుగా మంచు వైపే ఒక సంగతి. సెప్టిక్ డ్రెయిన్ ఫీల్డ్ (సెప్టిక్ ట్యాంకు నీరు గొట్టాల్లోంచి నేలలోకి ఇంకే చోటు) ఎక్కడుందో ఇంటి పటంలో చూసి, నాలుగు మూలలా గుర్తు కర్రలు పాతండి. దాని మీద మంచు తియ్యొద్దు, ట్రాక్టర్ తోలొద్దు. మెత్తటి మంచు దుప్పటిలా నేలని కాపాడుతుంది. తొక్కి గట్టి చేసినా, ఊడ్చేసినా చలి లోతుకి దిగి గొట్టాలు గడ్డకడతాయి. డ్రైవ్‌వే అంచులకీ గుర్తు కర్రలు కావాలి. 4 అడుగుల ఫైబర్‌గ్లాస్ కర్రలు పాతిక అడుగులకొకటి, రెండు పక్కలా కలిపి 34 దాకా పడతాయి. నేల గట్టిపడక ముందు, అక్టోబర్‌లో పాతేయండి. డిసెంబర్‌లో సుత్తితో కొట్టినా దిగవు.